ఆరుద్ర దాటేదాకా

మా వదిన ఆపరేషన్ గురువారం నుంచి శుక్రవారానికి ఎందుకు మారిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆరుద్ర నక్షత్రం చావుకు దగ్గరపడిందని నేను చెప్పాను. అమ్మ భయపడి రోజు మార్చింది. ఎవరికీ తెలియనిది ఏమిటంటే, నేను చెప్పింది సగమే. మిగతా సగం కూడా నాకు అప్పటికే తెలుసు. అది చెప్పి ఉంటే అమ్మ భయం అక్కడికక్కడే పోయేది. నేను చెప్పలేదు. అన్నం ముందు కూర్చున్న నలుగురూ చేతులు ఆపి మొదటిసారి నా మొహం వైపు చూస్తున్నారు. అందుకని చెప్పలేదు. ఈ మాట నా డైరీలో కూడా లేదు.

మాది అత్వెల్లి. నాయిన రోడ్డు పక్కన రేకుల షెడ్డులో టైర్లకు పంక్చర్లు వేస్తాడు. అన్న డీసీఎం వ్యాను నడుపుతాడు. నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో చేస్తాను. టీసీలు రాయడం, హాజరు పుస్తకాలు సర్దడం, ఫోన్ ఎత్తడం నా పని. అందులో ఫోన్ ఎత్తడం ఒక్కటే కష్టం. అవతలివాళ్లు రెండుసార్లు "హలో, ఉన్నారా?" అంటేగానీ నా గొంతు బయటికి రాదు.

ఆ ఆఫీసులో ఒక ఇనుప బీరువా ఉంది. ఎప్పుడో తనిఖీకి వస్తారని కొన్న పుస్తకాలు దాంట్లో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉండిపోయాయి. తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆ చలికాలం నేను విప్పిన పుస్తకం నక్షత్రాల చావు గురించి. మధ్యాహ్నం డబ్బా తెరిచి, ఎవరైనా వస్తే హాజరు పుస్తకం పైకి లాక్కునేలా పెట్టుకుని చదివేదాన్ని. రెండో వారంలో న్యూస్‌పేపరులో చుట్టి ఇంటికే తెచ్చేశాను.

చదువుతున్నకొద్దీ నాకు నిలకడ లేకుండా పోయింది. నక్షత్రం అంటే కదలకుండా ఉండే వస్తువని అనుకునేదాన్ని. కాదట. దాని బరువు దాన్ని ఎప్పుడూ లోపలికి అణచాలని చూస్తుంటుంది. లోపల మండే వేడి ఎప్పుడూ బయటికి నెడుతుంటుంది. ఆ రెండింటి పోట్లాట సమానంగా ఉన్నంతసేపే దాని బతుకు. పెద్ద నక్షత్రాలకు ఆకలి ఎక్కువ. మొదటి ఇంధనం లక్షల ఏళ్లు వస్తుంది. అది అయిపోతే దాని బూడిదనే కాలుస్తాయి, అది అయిపోతే ఆ బూడిద బూడిదను. ఒక్కో విడత ముందుదానికంటే తొందరగా అయిపోతుంది. చిట్టచివరి విడతకు పట్టేది ఇంచుమించు ఒక్క రోజు. ఆ రోజు చివర లోపల ఇనుము మిగులుతుంది. ఇనుమును కాలిస్తే వేడి రాదు. బయటికి నెట్టేదేమీ లేక నడిమి భాగం ఒక్క క్షణంలో లోపలికి కూలిపోతుంది. ఆ దెబ్బకు పై పొరలన్నీ పేలి చెదిరిపోతాయి.

పేలబోయేవాటిలో మనకు బాగా కనపడేది ఆరుద్ర అని ఆ పుస్తకంలో ఉంది. చలికాలం సాయంత్రాలు తూర్పున వరుసగా మూడు చుక్కలు పొడుస్తాయి, వాటికి ఎడంగా ఎర్రగా ఉండేది అదే. మా డాబా మీంచి, పక్క గోడౌను లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే కనిపించేది.

ఆ రోజుల్లో వదినకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు ఆపరేషన్. ఆ పిల్లకు నాలుగేళ్లు, అప్పుడు కౌకూర్‌లో వదిన తల్లి దగ్గర ఉంది. ఈసారి వదిన మా ఇంట్లోనే ఉంది. మా ఇంట్లో గట్టిగా నవ్వే మనిషి తనొక్కతే. రక్తం తక్కువని ఇచ్చిన ఐరన్ గోళీలు మింగలేక, అమ్మ చూడనప్పుడు బట్టలు ఉతికే బండ వెనక్కి విసిరేసేది. ఒకరోజు నేను చూశాను.

"అత్తకు జెప్పకే పిల్లా. నోరంత తుప్పు వట్టినట్టయితాంది," అంది.

నేను చదివింది ఆమెకు చెప్పాను. మన రక్తంలోని ఇనుము భూమి మీద తయారైంది కాదని, ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాల నుంచి చెదిరి వచ్చిందని.

"అందుకేనా గింత పాతవాసన గొడ్తాంది!" అని నవ్వి, ఇంకో గోళీ తీసి నా ముందే మింగింది. "పేలిన సుక్కను మింగిన. ఇగ నా బిడ్డ ఎట్ల వుడ్తదో సూడు."

మంగళవారం డాక్టరమ్మ చూసి, పాత కుట్టు పలచగా ఉందని, నొప్పులు మొదలవ్వకముందే బిడ్డను తీయాలని చెప్పింది. గురువారం పొద్దున్నే రమ్మంది. ఆ సాయంత్రం అన్నాల దగ్గర అమ్మ నన్ను తలుపు వెనకున్న క్యాలెండరు చూడమంది.

"గురువారం ఏం నచ్చత్రం బిడ్డా?"

"ఆరుద్ర. శుక్రవారం పొద్దున ఏడున్నర దాంక. తర్వాత పునర్వసు."

"ఆరుద్ర మంచిదేనా?" అని అమ్మ నాయినను అడిగింది.

"కార్తెకైతె మస్తు మంచిది. ఆరుద్రల వాన వడ్డదంటె ఇగ దున్నుడే," అన్నాడు నాయిన. "పుట్టుకకు ఏది మంచిదో నాకేమెరుక? టైర్లకైతె అన్ని నచ్చత్రాలొక్కటే."

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నేను అన్నాను, "ఆ సుక్క సావొచ్చిందంట."

ఎందుకు అన్నానో తెలియదు. రెండు వారాలుగా తల నిండా అదే ఉంది, నోట్లోంచి పడిపోయింది.

"ఎవలు జెప్పిండ్రు?" అన్నాడు అన్న.

"పుస్తకంల ఉన్నది. పేలిపోతదంట."

"సుక్కలు గూడ పేల్తయా? గాలెక్కువైన టైర్ల లెక్క?" అన్నాడు నాయిన. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. బరువు, వేడి, బూడిద, ఇనుము. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అన్న ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. అమ్మ రెప్ప వేయలేదు.

"ఎప్పుడు పేల్తదంట?" అని అడిగింది అమ్మ.

"ఎప్పుడన్న పేలొచ్చు," అన్నాను.

పుస్తకంలో ఆ వాక్యం అక్కడితో అయిపోలేదు. ఎప్పుడైనా అంటే రేపు కావచ్చు, లక్ష ఏళ్ల తర్వాత కావచ్చు, నక్షత్రాల లెక్కలో రెండూ దగ్గరే అని ఉంది. మనం చూస్తున్న వెలుగు అక్కడినుంచి కొన్ని వందల ఏళ్ల కిందట బయల్దేరిందని కూడా ఉంది. దాన్ని మించి ఇంకొకటి నాకు తెలుసు. క్యాలెండరులో ఆరుద్ర అంటే చంద్రుడు ఆకాశంలో ఆ వైపు నుంచి పోయే ఒక రోజు, అంతే. ఆ రోజుకూ ఆ చుక్క ఆరోగ్యానికీ సంబంధం లేదు. ఇవన్నీ నాలుక మీదే ఉన్నాయి. కానీ అప్పటి ఆ నిశ్శబ్దం నాది. దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు.

వదిన మాత్రం అంది, "నా కడుపులున్నదానికి పంచాంగం తెల్వదు అత్తమ్మా. ఆకలొక్కటే ఎరుక దానికి."

"ఒక్క దినం ఆగితె ఏం బోతది?" అంది అమ్మ. "సచ్చే సుక్కల బిడ్డను పుట్టిచ్చుడేంది, తెలిసి తెలిసి?"

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యం రాశాను: ఇవాళ అందరూ నా మాట విన్నారు.

బుధవారం పొద్దున అమ్మ పంతులుగారికి ఫోన్ చేసింది. ఆరుద్రకు చిన్న శాంతి చేయించుకుంటే చాలని ఆయన అన్నాడు. శుక్రవారం పునర్వసు ఇంకా బాగుందనీ అన్నాడు. అమ్మ రెండో మాటే పట్టుకుంది. ఆస్పత్రికి చేస్తే నర్సు చాలాసేపు వాదించింది. మేడం వద్దంటోందని, మీరు ఆగుతామంటే మీ ఇష్టమని, నొప్పి అనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దని చెప్పింది. శుక్రవారం తొమ్మిదిన్నరకు ఖాయమైంది.

ఆ రోజు నేను అమ్మకు మిగతాది చెప్పేద్దామని మూడుసార్లు వంటగది గడప దాకా వెళ్లాను. మూడుసార్లూ మంచినీళ్లు తాగి తిరిగొచ్చాను. చెప్తే, మరి నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు నేను నోటితో అనగలిగేది కాదు.

గురువారం బడికి వెళ్లాను గానీ కుర్చీలో కూర్చోలేకపోయాను. మూడు టీసీల మీద తప్పు తేదీ ముద్ర కొట్టాను. మధ్యాహ్నం సంచిలో వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిస్తే అదే పేజీ వచ్చింది. చివరి రోజు పేజీ. ఇంతకుముందు పట్టించుకోని సంగతి ఒకటి అందులో ఉంది. నడిమి భాగం కూలిపోయాక కూడా, ఆ దెబ్బ లోపలినుంచి పై పొర దాకా రావడానికి గంటలు పడుతుందట. అన్ని గంటలూ ఆ నక్షత్రం చూసేవాళ్లకు ఎప్పటిలాగే కనపడుతుంది. నేను పుస్తకం మూసి, కడుపునొప్పి అని అబద్ధం చెప్పి, షేరాటో ఎక్కాను.

ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. వదిన ఎండలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అనపకాయలు ఒలుస్తోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. కాన్పు తర్వాత తోడుగా ఉండటానికి చిన్నమ్మను పిలుచుకొస్తానని అమ్మ శామీర్‌పేట పోయింది. అన్న కామారెడ్డి ట్రిప్పులో ఉన్నాడు.

"ఏందే గింత జల్దీ వచ్చినవ్? నౌకరి పీకేసిండ్రా?" అంది వదిన.

"లే. నీకెట్లున్నది?"

"మంచిగనే ఉన్న. జర కుట్ల కాడ గుంజుతాంది. పొద్దుగాల సంది గట్లనే ఉన్నది."

నేను పక్కన కూర్చుని కాయలు అందుకున్నాను. ఆమె చేతులు చూస్తూ ఉన్నాను. నాలుగు కాయలు ఒలవడం, ఆగడం. మళ్లీ మూడు ఒలవడం, ఆగడం. ఆగినప్పుడు ఆమె గోడ వైపు చూసేది. ఇంకోసారి ఆగినప్పుడు చేతిలో గింజలు కింద పడ్డాయి. ఏరబోలేదు. ఆ చలిలో పైపెదవి మీద చెమట కనిపించింది.

"వదినా, నొప్పా?"

"ఏం లేదు. అత్త వచ్చినంక సూద్దాం." అని ఇంకా నవ్వుతూనే ఉంది.

అమ్మకు ఫోన్ చేశాను. బస్సులో ఉన్నట్టుంది, అరుస్తూ మాట్లాడింది. "పండవెట్టు. పరేషాన్ గాకుండ్రి. రేపు పొద్దుగాల ఏడున్నర దాటితె సాలు. జర ఓపిక వట్టుమను."

"అమ్మా, చెమట వడుతాంది."

"ఆరుద్ర ఇంక ఉన్నది గదనే!"

నేను జీవితంలో మొదటిసారి అమ్మ మీద అరిచాను. "తీస్కపోతున్న!" అని ఫోన్ పెట్టేసి, చెప్పులు వేసుకోకుండానే రోడ్డు దాకా పరిగెత్తాను. నాయిన జాకీ మీదున్న లారీని అలాగే వదిలేసి, రోడ్డుకు అడ్డంగా నిలబడి ఒక ఆటోను ఆపాడు.

అత్వెల్లి నుంచి మేడ్చల్ ఎంతో దూరం కాదు. ఆ రోజు లారీలు ఒకదాని వెనకొకటి పాకుతున్నాయి. నాయిన ముందు డ్రైవరు పక్కన కూర్చుని ప్రతి బండినీ తిడుతున్నాడు. వెనక వదిన నా మణికట్టు పట్టుకుంది. గాజు ఒకటి విరిగింది.

"మాట్లాడే. ఏదన్న మాట్లాడు. గట్ల సప్పుడు జెయ్యకుంట కూసోకు," అంది.

లోపల అంతా కూలిపోయాక కూడా బయటికి ఏమీ తెలియని ఆ గంటలే తలలో తిరుగుతున్నాయి. ఆమెకు అది చెప్పలేను. చివరికి బయటికి చూస్తూ బోర్డులు చదవడం మొదలుపెట్టాను. హార్డ్‌వేర్ అండ్ సానిటరీ. సిమెంట్ ఇటుకలు లభించును. ప్లాట్లు అమ్మబడును. చికెన్ బిర్యానీ.

"బిర్యానీ పేరు దియ్యకే, కక్కొస్తాంది," అంది వదిన కళ్లు మూసుకుని. "తర్వాతది సదువు."

బ్యాటరీలు. చెప్పులు. డిజిటల్ ఫోటోలు. ఆస్పత్రి గేటు దాకా చదివాను.

స్ట్రెచరు లోపలికి పోయింది. సంతకం పెడుతుంటే నాయిన వేళ్ల గ్రీజు కాగితానికి అంటుకుంది. గంట గడిచాక డాక్టరమ్మ బయటికొచ్చి, పాత కుట్టు విడిపోతూ ఉండగా తెరిచామని, తల్లి గట్టెక్కిందని చెప్పింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. కొన్ని నిమిషాలు పట్టింది. గాజుపెట్టెలో పెట్టారు. ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేమని, మూడు నెలలకు మెడ నిలబెడుతుందో లేదో చూడాలని అంది. తర్వాత మా ఇద్దరినీ, అప్పుడే వచ్చిన అమ్మనూ కలిపి చూసి, "పొద్దున రమ్మన్నా కదమ్మా," అంది. తిట్టినట్టు అనలేదు. అలసిపోయినట్టు అంది.

అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "ఆరుద్రలనే వుట్టింది. దాటిద్దామన్నా దాటలే. రాసివెట్టి ఉన్నది," అంది. నాయిన ఆమెకు నీళ్ల సీసా ఇచ్చాడు. నేను అక్కడ నిలబడలేక మెట్ల వైపు పోయాను. అప్పటికి చీకటి పడింది. మెట్ల కిటికీలోంచి పున్నమికి దగ్గరపడుతున్న చంద్రుడు కనిపించాడు, పక్కనే కాస్త దూరంలో ఆ ఎర్రచుక్క. నాకు దాని మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అది ఏమీ కాకుండా అలాగే ఉంది.

పాప తొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉంది. లోపలికి ఒకసారికి ఒక్కరినే పంపేవాళ్లు. నా వంతు వచ్చినప్పుడల్లా అమ్మకో చిన్నమ్మకో ఇచ్చేసేదాన్ని. పాపకు నా వేలు తగిలినా ఏదో అవుతుందని భయం. ఇంటికి తెచ్చాక కూడా నేను ఎత్తుకోలేదు. దూరం నుంచి మెడ చూసేదాన్ని. పడుకున్నప్పుడు, పాలు తాగేటప్పుడు, స్నానం పోసేటప్పుడు, మెడ. డైరీలో వాక్యాలు రాయడం మానేశాను. తేదీ, దాని ఎదురుగా "ఇంకా లేదు" అని మాత్రం రాసేదాన్ని. నెల దాటాక వదినను, పాపను కౌకూర్ తీసుకుపోయారు. అప్పుడు చూడటానికి ఆ మెడ కూడా లేక ఇంట్లో గదికీ వాకిలికీ మధ్య తిరిగేదాన్ని.

ఈ లోపల మా వీధిలో కథ ఇంకోలా పాకింది. చుక్కకు చావుందని నాకు ముందే తెలుసట, ఇంట్లోవాళ్లు దాటించాలనుకున్నా దాటలేదట. ఒక సాయంత్రం వెనక సందులో ఉండే ఆమె గర్భిణి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"బిడ్డా, నువ్వు సుక్కల సంగతి జెప్తవంట గదా. మా దానికి డాక్టరు సోమవారం అన్నది. ఆ దినం సుక్క మంచిగున్నదా, సచ్చేదా?"

వాళ్లిద్దరూ నన్ను, ఆ మంగళవారం మా ఇంట్లోవాళ్లు చూసినట్టే చూస్తున్నారు.

"సుక్కలు మనల్ని సూడయి పెద్దమ్మా," అన్నాను. "సోమవారమంటె సోమవారమే పోండ్రి. పొద్దుగాల్నే పోండ్రి. ఒక్క గంట గూడ ఆగకుండ్రి."

ఆమెకు నచ్చలేదు. "గింతేనా?" అని మొహం ముడుచుకుని పోయింది. సోమవారమే తీసుకెళ్లారని తర్వాత విన్నాను. అమ్మ వాకిట్లో ఉండి ఆ మాటలన్నీ విన్నది. చాటలో బియ్యం ఏరుతూ, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది.

మూడు నెలలు నిండిన వారం వదిన తల్లి ఫోన్ చేసి చెప్పింది. పాప మెడ నిలబెడుతోంది, కానీ ఎక్కువసేపు ఉంచలేకపోతోంది. కొంచెం ఆలస్యమే, ఆరు నెలలకు మళ్లీ తీసుకురమ్మని డాక్టరమ్మ అందట. ఆ ఆదివారం నేను ఒక్కదాన్నే కౌకూర్ బయల్దేరాను. చెప్పేద్దామని. రెండు బస్సులు మారాలి. రెండింటిలోనూ చెప్పాల్సిన వాక్యాలు వరుసగా పెట్టుకున్నాను. దిగి నడుస్తుంటే ఆ వరుస చెదిరిపోయింది. గేటు ముందు రెండు నిమిషాలు నిలబడి, మళ్లీ మొదటినుంచి పేర్చుకున్నాను.

వదిన సన్నబడింది. చాప మీద పాపను బోర్లా పడుకోబెట్టి, ముందు స్టీలు గిన్నె పెట్టి గరిటెతో చిన్నగా కొడుతోంది. ఆ చప్పుడుకు పాప తల లేపింది. తల అటూ ఇటూ ఊగింది, నిలబడింది, మళ్లీ చాప మీద వాలిపోయింది.

"సూసినవా? నిన్నటికంటె ఎక్కువనే ఉన్నది," అంది వదిన. మళ్లీ గరిటె కొట్టింది. చాలాసేపు అదే పని. పాప విసిగి ఏడిస్తే ఎత్తుకుని భుజాన వేసుకుంది. కాసేపటికి నిద్రపోయింది. వంటింట్లో ఆమె తల్లి టీ పెడుతోంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"వదినా, ఆ దినం ఆరుద్ర సంగతి నేను జెప్పినప్పుడు..."

"తియ్యకు," అంది. గొంతు పెంచలేదు, పాప లేస్తుందని. "ఆ దినం ముచ్చట నాతోని ఎవ్వలు తియ్యొద్దు. మీ అమ్మ తియ్యబోయింది, వద్దన్న. మీ అన్న తియ్యబోయిండు, వద్దన్న. ఎవలికి వాళ్లు వచ్చి, నా వల్లనే, నా వల్లనే అంటరు. నేను గూడ రాత్రిపూట గదే అనుకుంట, పొద్దున నొప్పి మొదలైనప్పుడే ఎందుకు లెవ్వలేదని. అందరియి మోసుడు నాతోని గాదు. నాకిప్పుడు దీని మెడ ఒక్కటే."

నేను తల ఊపాను. టీ వచ్చింది. తాగాను. వదిన కాసేపు నా వైపు చూసి, పాపను నా ఒళ్లో పెట్టడానికి చేతులు చాచింది. నేను తీసుకున్నాను. తల కింద అరచెయ్యి ఎలా పెట్టాలో ఆమే సర్ది చూపించింది. ఆ చిన్న మెడ వెనక తడిగా, వెచ్చగా ఉంది. నా చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు. బస్సు టైం దాటిపోతుంటే ఆమే పాపను తీసుకుంది.

చెప్పులు వేసుకుంటుంటే ఇంకా ఏదైనా అంటుందేమోనని ఆగాను. వీధిలో కుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. లోపలినుంచి వదిన గుసగుసగా అంది:

"పొయ్యేటప్పుడు గేటు మంచిగ వెట్టిపో పిల్లా, సప్పుడు గాకుంట."